అరగంట తరువాత

కొడుకు పోయాక మైలపల్లి ఎర్రన్న నీళ్ల చప్పుడు వినలేకపోయేవాడు. సముద్రం మాట అటుంచి, ఇంట్లో బిందెలో చెంబు ముంచినా ఉలిక్కిపడేవాడు. భార్య పైడమ్మ గిన్నెలు పట్టుకుని పెరటి గోడ అవతలికి పోయి తోముకొచ్చేది. అతని కుడిచేతి వేళ్లు దేన్నో వదలకుండా పట్టుకున్నట్టు ఎప్పుడూ ముడుచుకునే ఉండేవి. అన్నం కలుపుకోవాలంటే ఎడమచేత్తో ఒక్కొక్క వేలూ విప్పుకోవలసి వచ్చేది.

భీమిలికి ఉత్తరాన ఇసుక దిబ్బల నడుమ చిన్న పల్లె వాళ్లది. వేట తప్ప వేరే పని ఎరగని పల్లె. తండ్రీ కొడుకులు వేట ముగించుకుని తిరిగి వస్తూండగా ఒడ్డు కనిపించే దూరంలోనే ఓ కెరటం పడవను తిరగేసింది. వెనక వస్తున్న పడవవాళ్లు చేరుకునేసరికి ఎర్రన్న ఒక్కడే దాని అంచు పట్టుకుని వేలాడుతున్నాడు. కొడుకు ధనరాజు శవం తరువాత ఎక్కడో దక్షిణాన ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పెళ్లి మాటలు నడుస్తున్న వయసు వాడిది. నీళ్లలో ఏం జరిగిందో ఎర్రన్న ఎవరికీ చెప్పలేదు. అడిగితే దవడలు బిగుసుకుపోయేవి.

ఒక మధ్యాహ్నం, చెంబు చప్పుడుకే వణికే ఆ మనిషి లేచి తిన్నగా సముద్రంలోకి నడిచాడు. ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తున్న పైడమ్మ చూసింది. పరుగెత్తి, గుండెలోతు నీళ్లలో దొరకబుచ్చుకుని, జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది. తడిబట్టలతోనే ఆడపడుచుకి ఫోను చేసింది.

"వేణమ్మా, మీ అన్న నాకు దక్కేలా లేడు. ఏటి సేస్తావో సెయ్యి."

ఎర్రన్న చెల్లెలు సత్యవేణి ఆ పల్లెలో పుట్టి పై చదువులు చదివి, విశాఖపట్నంలో మనోవ్యాధుల పరిశోధనశాలలో పనిచేస్తోంది. ఆ సాయంత్రానికల్లా వచ్చింది. అన్నను పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకుపోదామంటే అతను బస్సెక్కలేదు. రోడ్డు పొడుగునా పక్కన సముద్రమే. డాక్టరును ఫోనులో అడిగి మాత్రలు మొదలుపెట్టారు. అవి పనిచేయడానికి వారాలు పడుతుందన్నారు. అన్నాళ్లూ ఈ మనిషిని ఎవరు కాపలా కాస్తారు?

సత్యవేణి చేతిలో మరో దారి ఉంది. ఆమె, ధ్వనిశాస్త్రం చదివిన ఫరీదా కలిసి కొన్నేళ్లుగా తయారుచేస్తున్న పద్ధతి అది. మనసులో గడ్డకట్టిన జ్ఞాపకాన్ని మనిషి నోరు తెరిచి చెప్పేటప్పుడు అది కాసేపు మెత్తబడుతుంది. మళ్లీ గట్టిపడేలోపు దానికంటుకున్న భయాన్ని వేరు చేయవచ్చు. వాళ్లు చేసిన యంత్రం ఫోనులో మనిషితో మాట్లాడుతుంది, ప్రశ్నలు అడుగుతుంది, ఊపిరిలో తేడా వింటుంది. జ్ఞాపకం మెత్తబడిన క్షణం పసిగట్టి, చెవిలో తుమ్మెద రొదలాంటి సన్నని నాదం వినిపిస్తుంది. అంతే. ఒక్కసారి, ఓ అరగంట. ఈ ప్రయోగంలో చేరినవాళ్లు దాన్ని 'అరగంట' అనే పిలిచేవారు.

సొంత మనుషుల మీద తాను చేయకూడదు గనుక ఆ పని ఫరీదా చూసుకుంది. పరిశోధనశాలలో సత్యవేణి వేరే గదిలో కూర్చుంది. పల్లెలో ఎర్రన్న బోర్లించిన పడవకు ఆనుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. పైడమ్మ దూరంగా నిలబడి కాపు కాసింది. ఏం మాట్లాడుతున్నాడో ఆమెకు వినపడలేదు. పెదవులు కదలడం, భుజాలు ఎగిసి పడడం మాత్రం కనిపించింది. ఒకచోట పెద్దగా నోరు తెరిచాడు. ఆ తరువాత ఒళ్లు నెమ్మదిగా వదులైంది.

ఇయర్‌ఫోన్లు తీసి ఎర్రన్న భార్యవైపు చూశాడు.

"ఆకలేస్తంది" అన్నాడు.

పైడమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. చారు వేడిచేసింది. ఎర్రన్న కుడిచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు.

*

కొద్దిరోజులకే ఎర్రన్న మళ్లీ వేటకు వెళ్లాడు. పడవకు రంగు వేయించాడు. సాయంత్రాలు నలుగురితో కూర్చుని పేకాడాడు. మాత్రలు కూడా అక్కర్లేదన్నారు. చీరాల నేతగాడు ఒకతను, పరీక్ష తప్పి గదిలో తలుపేసుకున్న కడప అమ్మాయి, బిడ్డను కన్నాక దిగులులో కూరుకుపోయిన పాడేరు తల్లి, ఇలా ఆ అరగంట తరువాత వందలమంది లేచి తిరగసాగారు. ఫరీదా తల్లి షహనాజ్ బేగం, రోడ్డు ప్రమాదంలో భర్త పోయినప్పటి నుంచీ గడప దాటని మనిషి, తానే సంచీ పట్టుకుని మార్కెట్టుకు పోయి కూరగాయలు తెచ్చుకుంది. ఆ రోజు ఫరీదా పరిశోధనశాలకు మిఠాయి పెట్టె తెచ్చి, అందరికీ పంచి, తాను తినకుండా ఏడుస్తూ నిలబడింది.

ప్రభుత్వం నుంచి కబురు వచ్చింది. రాష్ట్రంలో ఎవరి ఫోనులోనైనా అరగంట అందుబాటులోకి రావాలి. డాక్టరు లేని ఊళ్లు ఎన్నో ఉన్నాయి. కొద్ది వారాల్లో విడుదల చేయాలని అనుకున్నారు.

ఆ హడావుడిలోనే ధనరాజు సంవత్సరీకం వచ్చింది. సత్యవేణి పనులన్నీ పక్కన పెట్టి పల్లెకు వెళ్లింది. మేనల్లుడికి ఇష్టమని నెత్తళ్ల చేప వేపుడు తన చేత్తో చేయాలనుకుంది.

ఇంటి ముందుకు రాగానే లోపలి నుంచి పైడమ్మ అరుపు వినపడింది. అది ఏడుపు కాదు, కొట్లాటా కాదు. ఆ గొంతు సత్యవేణి ఎన్నడూ వినలేదు. పరుగున వెళ్లింది.

ఎర్రన్న పెరట్లో పడవ ఇంజను విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో నీలంగళ్ల చొక్కా. నూనె మరకలతో నల్లబడి, ఒక చెయ్యి చినిగి వేలాడుతోంది. ధనరాజు చొక్కా అది. ఆ చివరి వేటకు ముందురోజు విడిచినది. పైడమ్మ ఉతక్కుండా ట్రంకు పెట్టెలో దాచుకుంది.

"గుడ్డ కావాల్సొచ్చింది. పెట్టిలో కనపడితే తీసినాను" అన్నాడు ఎర్రన్న. అతని ముఖంలో కోపం లేదు, తప్పు చేసిన భావమూ లేదు. భార్య ఎందుకలా అరుస్తోందో అర్థంకాక చూస్తున్నాడు. "పాత సొక్కాయే కదేటి. తొడిగేవోడు లేడు."

పైడమ్మ చొక్కా లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంజనాయిలు వాసన తప్ప మరేమీ లేదు.

సత్యవేణి అన్న ఎదురుగా కూర్చుంది.

"అన్నా, దనరాజు గురుతొస్తాడా నీకు?"

"ఎందుకు రాడే? అన్నీ గురుతున్నాయి. వోడు పుట్టింది, ఈత నేర్సింది, పోయింది. అన్నీని." వీధిలో పోయే మరొకరి కొడుకు గురించి చెప్పినట్టు చెప్పి, స్పానరు అందుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

సంవత్సరీకం జరిపించారు. వచ్చిన చుట్టాలు కళ్లు తుడుచుకుంటూంటే ఎర్రన్న వాళ్లకు కుర్చీలు వేస్తూ, ఇంకాస్త వడ్డించమంటూ తిరిగాడు. అందరూ వెళ్లాక పైడమ్మ ఆడపడుచును గట్టు మీద కూర్చోబెట్టుకుంది.

"నీమీద కోపం నేదు వేణమ్మా. నువ్వు నేకపోతే నా బొట్టు నిలిసీది కాదు. కానీ ఒక్క మాట సెప్తాను, తప్పుగా అనుకోకు." పైడమ్మ సముద్రం వైపు చూస్తూ అంది. "మునుపు ఇద్దరం ఏడిసీవోళ్లం. ఆయన అటు తిరిగి, నాను ఇటు తిరిగి. మాటనేకపోయినా తోడుండీది. ఇప్పుడు వోణ్ణి కన్నది నానొక్కతినే అయిపోనాను. ఆయనికి కొడుకే లేనట్టుంటాడు. సచ్చిపోయినోణ్ణి నువ్వు మళ్లీ ఒకసారి సంపీసినట్టయింది."

సత్యవేణి తల వంచుకునే అడిగింది.

"నువ్వు కూడా ఆ అరగంట... వద్దా వదినా? కాస్త తేలికవుతుంది."

పైడమ్మ ఆమెవైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"నాను కూడా వొదిలీసినాననుకో. ఇంక వోడికి ఎవరున్నారే?"

*

పరిశోధనశాలకు తిరిగి రాగానే సత్యవేణి ఫరీదాతో అంతా చెప్పింది. ఫరీదా ఒప్పుకోలేదు.

"మీ అన్నయ్య బతికున్నాడు వేణీ. సముద్రంలోకి నడిచిన మనిషి! ఒక చొక్కా కోసం ఎదురుచూసే ఇన్ని వేలమందిని ఆపుదామంటావా? కడప అమ్మాయి కాలేజీకి పోతోంది. మా అమ్మ నవ్వుతోంది. ఆ అమ్మాయి అమ్మానాన్నల్ని పిలిచి చెప్పు, మీ పిల్ల ఏడవడం లేదు, మాకు బాధగా ఉందని."

"ఆపమనడం లేదు. చూద్దామంటున్నాను. భయం ఒక్కటే పోవాలనే కదా మనం చేసింది. అదొక్కటే పోయిందా?"

ముందు చేరినవాళ్లందరినీ మళ్లీ ఫోనులో పలకరించారు. ఈసారి నాదం లేదు, చికిత్సా లేదు. పోయినవాళ్ల పేరో, తమను భయపెట్టిన సంగతో ఒకసారి చెప్పమని అడిగి, ఊపిరి ఎలా ఉందో మాత్రం విన్నారు. అరగంట జరిగిన వారంలో తీసిన రికార్డుల్లో ఆ మాట దగ్గర ఊపిరి చిన్నగా ఆగేది. నెలలు గడిచినకొద్దీ ఆ ఆగడం తగ్గుతూ వచ్చింది. తొలినాళ్లలో చేరినవాళ్లలో అది పూర్తిగా చదునైపోయింది. విప్పిన కుట్టు అక్కడితో ఆగలేదు. భయంతో పాటు దానిపక్కన అల్లుకున్నదంతా ఒక్కో పోగుగా ఊడిపోతూనే ఉంది. ఉద్యోగం పోతుందనో పరీక్ష తప్పుతాననో భయపడినవాళ్లకు దానివల్ల పెద్ద నష్టం లేదు. మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు మాత్రం ఆ భయానికీ ఆ ప్రేమకీ వేరు ఒకటే.

ఫరీదా ఆ గీతలు చూసి కూడా తల అడ్డంగా ఊపింది. లెక్కలో ఎక్కడో పొరపాటుందంది. మర్నాడు మాత్రం ఆలస్యంగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుర్చీలో కూర్చుని, బ్యాగు ఒళ్లోనే పెట్టుకుని మాట్లాడింది.

"పొద్దున్న అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని, అమ్మీ, అబ్బా నీకు గుర్తొస్తారా అని అడిగాను. 'మంచి మనిషి పాపం' అంది. అని, ఆ పుచ్చుగింజ తీసి అవతల పారెయ్ అంది." ఫరీదా బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఇద్దరిదీ ఇంట్లో ఒప్పుకోని పెళ్లి వేణీ. ఆయన కోసం పుట్టింటిని వదులుకుని వచ్చింది. 'మంచి మనిషి పాపం' అంది."

ఆ రోజు ఇద్దరూ పని ముట్టుకోలేదు.

తరువాత చేసినదంతా కష్టమైన పనే. విడుదల ఆపించారు. ఎందుకో వివరించడానికి ఊరూరా తిరగవలసి వచ్చింది. నాదం తీసేసి, మిగిలిన అరగంటను ఉంచారు. మనిషి తన బాధ చెప్పుకుంటాడు, యంత్రం అడ్డురాకుండా వింటుంది, రేపు చేయగలిగిన చిన్న పని ఒకటి అతనిచేతే చెప్పిస్తుంది. దానివల్ల కొందరు తేరుకున్నారు. నాదంతో తేరుకున్నంత మంది కాదు, అంత త్వరగానూ కాదు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లను ముందు డాక్టరుకు, ఇంటివాళ్లకు అప్పగించి, ఏ దారీ లేనప్పుడే నాదం ఇవ్వాలని నియమం పెట్టారు. అప్పుడు కూడా ఏం పోతుందో ముందే ఆ మనిషికి చెప్పాలి. అతనితో కలిసి ఏడ్చే మనిషి ఎవరైనా ఉంటే వాళ్లకూ చెప్పాలి. ఈ చివరి మాట సత్యవేణి పట్టుబట్టి రాయించింది.

చాలామంది తిట్టారు. గుంటూరు నుంచి ఒకామె ఫోను చేసి, చెల్లెలు పోయి నెలయింది, నాకు ప్రేమా వద్దు ఏమీ వద్దు, ఆ శబ్దం వినిపించండి చాలు అని బతిమాలింది. సత్యవేణి ఆమెతో ఆ పూటంతా మాట్లాడింది. దగ్గర్లో ఉన్న డాక్టరును వెతికిపెట్టింది. మర్నాడూ, ఆ మర్నాడూ తానే ఫోను చేసింది. ఆమె నిలబడుతుందో లేదో ప్రతిసారీ ఫోనెత్తేదాకా తెలిసేది కాదు. ఇలా ఎంతమందికి చేయగలదు?

ఈలోగా ఫరీదా ఇంకొకటి కనిపెట్టింది. అదే నాదాన్ని తిరగేసి వినిపిస్తే ఊడినవి మళ్లీ అతుక్కుంటున్నాయి. కానీ విడివిడిగా కాదు. ప్రేమ ఒక్కటే వచ్చి భయం ఆగిపోవడం లేదు. వస్తే రెండూ వస్తాయి.

*

ఎర్రన్నకు ఆ సంగతి చెప్పడానికి సత్యవేణి తానే వెళ్లింది. పొద్దుటి వేట ముగించుకుని వచ్చి అతను అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. పైడమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. సత్యవేణి దాచకుండా అంతా చెప్పింది. ఏం పోయిందో, ఎలా పోయిందో, తిరిగి తెస్తే దాంతో పాటు ఏం వస్తుందో.

ఎర్రన్న చేతిలో పని ఆపాడు.

"అయితే నాకు ఉండాల్సింది ఏదో నేదు. అదేనా?"

"అవునన్నా."

"నాకు తెలీదు మరి. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు సూడు, అలాగుంది." భార్యవైపు తిరిగాడు. "నువ్వు సెప్పు పైడీ. మళ్లీ పెట్టించీమంటావా? నాకేటి, నాను సిద్దమే."

సంవత్సరం పైగా ఒంటరిగా ఏడ్చిన మనిషి ఏమంటుందో తనకు తెలుసనుకుంది సత్యవేణి.

"వొద్దు" అంది పైడమ్మ.

"వదినా..."

"వొద్దన్నాను కదేటి! నువ్వు పట్నంలో ఉన్నావు. ఆ నీళ్లలోంచి ఈడ్సుకొచ్చింది నాను. ఆ జుట్టు నా సేతిలో ఊడొచ్చింది. మళ్లీ ఆ మనిషిని సూడనేను. నాతో ఏడవకపోతే మానీ, ఎదురుగా కూకుని ఇంత అన్నం తిననీ." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంతకన్నా నాకేటొద్దు."

ఎర్రన్న భార్యనే చూస్తూ కూర్చున్నాడు. అతని ముఖంలో బాధ లేదు. కానీ ఒక ఆలోచన మెల్లగా కదులుతోంది. వల పక్కన పెట్టి లేచి వెళ్లి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

"పైడీ, ఆ దినం నీళ్లల్లో ఏటి జరిగిందో నీకు సెప్పనేదు కదా."

పైడమ్మ బెదిరినట్టు చూసింది.

"ఆ మిషనుకి సెప్పినాను గానీ నీకు సెప్పనేదు. అప్పుడు నోరు రానేదు. ఇప్పుడు సెప్పగలను. నాకేటీ అవదు. నీకు కావాల?"

సత్యవేణి వారించబోయింది. ఇంత మెత్తని గొంతుతో, ఇంత తేలిగ్గా అడగవలసిన ప్రశ్న కాదది. కానీ పైడమ్మ అప్పటికే తల ఊపింది. ఊపి, రెండు చేతులతో గుమ్మం పట్టుకుంది.

ఎర్రన్న చెప్పాడు. కెరటం ఏ పక్క నుంచి వచ్చిందో, ధనరాజు ముందు నవ్వుతూనే పైకి తేలి "అయ్యా, వల సూడు" అని ఎలా అరిచాడో చెప్పాడు. కాళ్లకు ఆ వలే చుట్టుకుంది. చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు దగ్గర పట్టుకున్నాడు, తరువాత వేళ్లు దొరికాయి, తరువాత వేళ్ల కొసలు. వేటలో ఎన్ని బుట్టల చేప పడిందో చెప్పినంత వరసగా చెప్పాడు.

"నాను పక్కనే ఉన్నాను పైడీ. వోడి మొకం నా మొకానికి ఇంత దూరంలో ఉంది. నన్ను పిలవనేదు. నిన్ను పిలిసినాడు. అమ్మా, అమ్మా అని. నాను కనపడతన్నా నిన్నే పిలిసినాడు. అది నీకు సెప్పనేక సచ్చిపోదామనుకున్నాను."

పైడమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"శానాసార్లు పిలిసినాడా?"

"శానాసార్లు. గొంతులోకి నీళ్లు పోయీదాకా."

పైడమ్మ ఏడ్చింది. ఇన్నాళ్లూ ఏడ్చిన ఏడుపు కాదది. ఇల్లంతా దద్దరిల్లేలా, పొరుగువాళ్లు బయటికి వచ్చి చూసేలా ఏడ్చింది. అరుగు మీద సత్యవేణి కూడా మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కిళ్లు పెట్టింది. మేనల్లుడు పోయాక ఆమె కన్నీళ్లు వదలడం అదే మొదటిసారి. అప్పటినుంచీ పనిలోనే ఉంది.

ఎర్రన్న కళ్లు పొడిగానే ఉన్నాయి. అతను మాత్రం కదలలేదు. భార్య రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ఆమె ముఖంలోకి శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏడువు" అన్నాడు. "నాకు తెలీదు. నువ్వు ఏడిస్తే సూసి తెలుసుకుంటాను, అది ఎంత పెద్దదో."

చాలాసేపటికి పైడమ్మ ఊపిరి కుదుటపడింది. కళ్లు తుడుచుకోలేదు. జారిన జుట్టు వెనక్కి తోసుకుని, మొగుడి చేతులు వదలకుండానే, బొంగురుపోయిన గొంతుతో అడిగింది.

"ఆ దినం పొద్దున్న ఇంట్లోంచి ఎల్లిన కాడినుంచి సెప్పు. దారిలో వోడు ఏటి మాటాడినాడు?"

ఎర్రన్న కాస్త ఆలోచించి, మొదటినుంచి మొదలుపెట్టాడు.